ఫ్రాస్ట్/నిక్సన్: సినిమా చూశాక అసలు ఇంటర్వ్యూ టేపులు చూసినవాళ్లు ఉన్నారా?

ఏటిగట్టు:
నిన్న రాత్రి ‘ఫ్రాస్ట్/నిక్సన్’ (2008) చూశాను. పదవి పోయిన అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్‌ని 1977లో బ్రిటిష్ టీవీ యాంకర్ డేవిడ్ ఫ్రాస్ట్ చేసిన ఇంటర్వ్యూ మీద తీసిన సినిమా. వాటర్‌గేట్ గురించి నాకు తెలిసింది కొంచెమే. 1972 జూన్‌లో డెమొక్రాట్ల ఆఫీసులో దొంగలు దొరికారు, దాన్ని కప్పిపుచ్చారన్న ఆరోపణతో 1974 ఆగస్టులో నిక్సన్ రాజీనామా చేశాడు, అంతే. అయినా ఇద్దరు మనుషులు కుర్చీల్లో కూర్చుని మాట్లాడుకుంటుంటే రెండు గంటలు కదల్లేకపోయాను. నిక్సన్ తాగి అర్ధరాత్రి ఫ్రాస్ట్‌కి ఫోన్ చేసే సీన్ తర్వాత నిద్ర పట్టలేదు. అది నిజంగా జరిగిందా?

పాతరేడియో:
లేదండీ, ఆ ఫోన్ కాల్ రచయిత పీటర్ మోర్గాన్ కల్పన. 2006లో లండన్‌లో నాటకంగా వచ్చినప్పుడే ఉంది. స్టేజీ మీద నిక్సన్‌గా చేసిన ఫ్రాంక్ లాంజెల్లా, ఫ్రాస్ట్‌గా చేసిన మైఖేల్ షీన్‌లే సినిమాలోనూ చేశారు.

నేను ముందు సినిమా, తర్వాత టేపులు చూశాను. ‘ప్రెసిడెంట్ చేస్తే అది చట్టవిరుద్ధం కాదు’ అనే మాట సినిమాలో వాటర్‌గేట్ మీద నిలదీస్తున్నప్పుడు వస్తుంది. అసలు ఇంటర్వ్యూలో అది వేరే సందర్భం. దేశంలోని నిరసనకారుల మీద నిఘా పెట్టే హ్యూస్టన్ ప్లాన్ గురించి అడిగినప్పుడు అన్నాడు. ఇంకా ఆశ్చర్యం, సినిమాలోలా ఆవేశంగా కాదు, మామూలుగా అనేశాడు. నాకైతే అదే ఎక్కువ భయం వేసింది.

డాలస్_పద్మ:
మేము 2009 జనవరిలో ఇక్కడి థియేటర్‌లో చూశాం. హాలు నిండా తలలు నెరిసినవాళ్లే. చివర్లో నిక్సన్ ముఖం క్లోజప్‌లో పడ్డప్పుడు చిన్న దగ్గు కూడా వినపడలేదు. బయటికి వచ్చాక ఒక పెద్దావిడ, 1977 మేలో అసలు ఇంటర్వ్యూ మొదటి భాగం వచ్చిన రాత్రి ఇంటిల్లిపాదీ టీవీ ముందే కూర్చున్నామని చెప్పారు. ఆ రాత్రి నాలుగున్నర కోట్ల మంది చూశారట. ఆస్కార్‌కి 5 నామినేషన్లు వచ్చినా ఒక్కటీ దక్కలేదు. ఆ ఏడాది ‘స్లమ్‌డాగ్’ది. రెహమాన్ గారికి వచ్చినందుకు ఇంట్లో గంతులేశాం కానీ, లాంజెల్లాకి రాలేదని నాకు ఇప్పటికీ బాధే.

విలేఖరి_రాజు:
ఇరవై ఏళ్లకు పైగా రిపోర్టింగ్‌లో ఉన్నాను, నాకు ఈ సినిమా పాఠ్యపుస్తకం. ఇంటర్వ్యూ మొదటి రోజుల్లో నిక్సన్ ఏం చేస్తాడో గమనించండి. చిన్న ప్రశ్నకి పెద్ద కథ చెప్పి టైమంతా తినేస్తాడు. నేనూ కొత్తలో ఒక నాయకుడిని భూముల వ్యవహారం అడగబోయి, ముందు మర్యాదకి ‘మీ ప్రస్థానం చెప్పండి సార్’ అన్నాను. నలభై నిమిషాలు చెప్పాడు. భూముల దగ్గరికి వచ్చేసరికి పీఏ వచ్చి ‘టైమైంది’ అన్నాడు.

ఫ్రాస్ట్‌ని నిలబెట్టింది కాగితాలు. ఫ్రాస్ట్ కోసం పరిశోధన చేసిన జేమ్స్ రెస్టన్ జూనియర్ కోర్టు ఫైళ్లలో వాటర్‌గేట్ గురించి నిక్సన్, అతని సలహాదారు కోల్సన్‌ల సంభాషణ వెతికి పట్టుకోవడం నిజమే. కాకపోతే చివరి నిమిషంలో కాదు, నెలల ముందే. టెన్షన్ కోసం సినిమాలో అలా చూపించారు.

ఒక్కటి మాత్రం మింగుడుపడదు. నిక్సన్‌కి 6 లక్షల డాలర్లు, పైగా లాభాల్లో 20 శాతం ఇచ్చారు. డబ్బిచ్చి ఇంటర్వ్యూ కొనడం తప్పేనని నా అభిప్రాయం.

పాతరేడియో:
రాజు గారూ, ఒప్పుకుంటాను. కానీ డబ్బివ్వకపోతే ఆయన నోరు విప్పేవాడా? తర్వాత వచ్చిన ప్రెసిడెంట్ ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టేశాడు, కోర్టు బోను ఎక్కే అవకాశమే పోయింది. అందరి ముందూ గట్టిగా నిలదీసింది ఇక్కడే.

నా అభ్యంతరం వేరు. సినిమా చూస్తే ఆయన నేరం ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. టేపుల్లో దేశాన్ని నిరాశపరిచానన్నాడు కానీ, అభిశంసించేంత నేరం చేయలేదని కూడా అన్నాడు. ‘నేనే వాళ్ల చేతికి కత్తి ఇచ్చాను, వాళ్లు పొడిచి, ఇష్టంగా మెలితిప్పారు’ అన్న చోట ఆపి మళ్లీ చూడండి. పశ్చాత్తాపం, కోపం రెండూ ఒకే ముఖంలో కనిపిస్తాయి.

ఏటిగట్టు:
అందరికీ థాంక్స్. ఈ రోజు నాన్నగారితో కలిసి వాటర్‌గేట్ భాగం చూశాను. ఆయనకి నిక్సన్ అంటే 1971 యుద్ధంలో మన మీదికి అమెరికా ఏడో నౌకాదళాన్ని పంపినవాడు, అంతే. రికార్డింగ్ మొదలైంది 1977 మార్చి 23న అని చెబితే లేచి కూర్చున్నారు. ముందురోజే కదా ఇక్కడ ఇందిరాగాంధీ ఓడిపోయి రాజీనామా చేసింది! ఇంటర్వ్యూ మాట మరిచిపోయి ఎమర్జెన్సీ కబుర్లు గంటసేపు చెప్పారు.

ఇదే ఫ్రాస్ట్ 1972 జనవరిలో ఢాకా వెళ్లి బంగ్లాదేశ్ నేత ముజిబుర్ రెహమాన్‌ని ఇంటర్వ్యూ చేశాడు కదా, దాని వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే లింక్ పెట్టండి. నాన్నగారు అడుగుతున్నారు.