అప్‌డేట్: అమృతాంజనం పంతులుగారి గురించి అడిగాను కదా

పోయిన వారం ఇక్కడ ఒక ప్రశ్న అడిగాను. మా పాప స్కూల్లో 'కళాపోషకుడు' మీద మాట్లాడాలి, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు పనికొస్తారా అని. చాలామంది జవాబిచ్చారు, అందరికీ థాంక్స్.

ముందు నా తప్పు. ఆయన పెట్టిన ఆంధ్రపత్రిక మద్రాసులో పుట్టిందని రాశాను. కాదు. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైంది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. ఒకాయన సరిదిద్దకపోతే పాప స్టేజీ మీద అదే చెప్పేది!

అమృతాంజనం కూడా ఆయన మొదలుపెట్టింది బొంబాయిలోనే, 1893లో. సంగీత కచేరీల్లో ఆ డబ్బాలు ఉచితంగా పంచేవారని అంటారు. సంగీతం వినేవాళ్లకి తలనొప్పి మందేమిటని పాప ఒకటే నవ్వు. చివరికి స్పీచ్ దాంతోనే మొదలుపెట్టింది.

అసలు విషయం అమృతాంజనం మీద వచ్చిన డబ్బు ఎటు పోయిందన్నది. 1924లో భారతి మాసపత్రిక పెట్టారు. కవిత్వం, కథ, చరిత్ర పరిశోధన, చిత్రకళ అన్నీ అందులో వచ్చేవి. తర్వాత ఆంధ్ర గ్రంథమాల పేరుతో పుస్తకాలు వేశారు. నా లెక్కలో సన్మానాలు చేసి శాలువాలు కప్పడం కంటే రాసినవాడికి అచ్చులో చోటివ్వడమే పెద్ద పోషణ. మీలో కొందరు ఒప్పుకోరని తెలుసు.

1937లో ఆంధ్ర రాష్ట్రం విషయంలో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది మద్రాసులో ఆయన ఇంట్లోనే. ఇది చెబుదామంటే "టైం మూడు నిమిషాలే నాన్నా" అని కొట్టేసింది.

స్పీచ్ నిన్న అయిపోయింది. ప్రైజు రాలేదు. టీచర్ మాత్రం భారతి పాత సంచికలు ఎక్కడ దొరుకుతాయని అడిగారట. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.