సి డ్రైవ్ కింద నేరుగా పెట్టిన సర్వీస్ ఫోల్డర్: తప్పు విండోస్‌దా, ఇన్‌స్టాలర్‌దా?

గొళ్లెం:
దాదాపు అన్ని హక్కులూ ఉన్న సిస్టమ్ ఖాతాతో వెనకాల నడిచే ప్రోగ్రామ్‌ను, అంటే సర్వీస్‌ను, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సి డ్రైవ్ కింద కొత్త ఫోల్డర్‌లో పెట్టే ఇన్‌స్టాలర్లు ఇంకా వస్తున్నాయి. ఆ ఫోల్డర్ మీద ఐక్యాక్ల్స్ (ఎవరికి ఏ హక్కులున్నాయో చూపే, మార్చే కమాండ్) కొట్టి చూడండి. ఆథెంటికేటెడ్ యూజర్స్ పక్కన బ్రాకెట్లలో 'ఐ', 'ఎం' కనిపిస్తాయి. ఐ అంటే పైనుంచి వారసత్వంగా వచ్చింది, ఎం అంటే మాడిఫై. లాగిన్ అయిన ఎవరైనా అందులోని ఫైళ్లు మార్చేయొచ్చు. నా లెక్కలో తప్పంతా ఇన్‌స్టాలర్ రాసినవాళ్లదే.

కోడ్‌పని:
అంత తేలిగ్గా తేల్చేయకండి. ఆ హక్కు మైక్రోసాఫ్ట్ సి డ్రైవ్‌కు పెట్టిన డిఫాల్ట్ నుంచే దిగుతోంది. పైగా నడుస్తున్న ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్ ఫైల్) మీద విండోస్ రాయనివ్వదు, సర్వీస్ రీస్టార్ట్ చేసే హక్కు మామూలు యూజర్‌కు ఉండదు. ఇక దాడి ఎలా?

గొళ్లెం:
రాయనివ్వదు, పేరు మార్చనిస్తుంది. సర్వీస్ ఫైల్ ఏజెంట్.ఈఎక్స్‌ఈ అనుకోండి. దాడి చేసేవాడు దాన్ని ఏజెంట్.ఓల్డ్‌గా మార్చి, పాత పేరుతో తన ఫైల్ పెడితే చాలు. సర్వీస్ ఆటోమేటిక్‌లో (మిషన్‌తో పాటే మొదలయ్యేలా) ఉంటే రీబూట్ సరిపోతుంది, డెస్క్‌టాప్ విండోస్‌లో ఆ పని మామూలు యూజరే చేయగలడు. మిషన్ లేచేసరికి ఆ ఫైల్ సిస్టమ్ ఖాతా కింద నడుస్తుంది. ఇలాంటి లోపాలకు, తీవ్రతను బట్టి పదికి మార్కులు వేసే సీవీఎస్ఎస్‌లో, తరచూ 7.8 పడేది అందుకే. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టి ఉంటే యూజర్లకు చదివే, నడిపే హక్కు మాత్రమే, అదీ అదనపు శ్రమ లేకుండా.

సర్వర్‌గది:
లినక్స్‌లోనూ ఇదే పొరపాటు. రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) కింద క్రాన్, అంటే వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్, నడిపే స్క్రిప్ట్ రూట్ పేరు మీద 755లో (ఓనర్ తప్ప ఎవరూ రాయలేని హక్కు) ఉంటే చాలామంది అక్కడితో ఆగిపోతారు. దాని డైరెక్టరీ 777 (ఎవరైనా రాయొచ్చు) అయితే? ఫైల్ తీసేయడానికీ పేరు మార్చడానికీ కావలసింది డైరెక్టరీ మీద హక్కు, ఫైల్ మీద కాదు. దాడి చేసేవాడు పాతది తీసి తనది పెట్టేస్తాడు. అందరూ తాత్కాలిక ఫైళ్లు పెట్టే టీఎంపీ డైరెక్టరీకి 1777లో ఆ ముందున్న 1, అంటే ఇతరుల ఫైళ్లు తీయనివ్వని స్టికీ బిట్, ఉన్నది ఇందుకే. నేమ్‌ఐ కమాండ్‌కు మైనస్ ఎల్ ఇస్తే పాత్‌లో ఒక్కో మెట్టు హక్కులూ చూపిస్తుంది.

అయితే కోడ్‌పని గారి మాటలోనూ పస ఉంది. 2021 జులైలో బయటపడ్డ హైవ్‌నైట్‌మేర్ పూర్తిగా మైక్రోసాఫ్ట్ లోపమే. విండోస్ దాచుకునే డ్రైవ్ పాత నకళ్లు, అంటే షాడో కాపీల ద్వారా, పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే శామ్ ఫైల్‌ను మామూలు యూజర్లు చదవగలిగారు. ప్యాచ్ వేసినా పాత షాడో కాపీలను విడిగా తొలగించాల్సి వచ్చింది.

కోడ్‌పని:
పేరు మార్చే దారి ఒప్పుకుంటున్నా. మరి ఇప్పటికే ఇన్‌స్టాల్ అయినవాటి సంగతి? ఇన్‌హెరిటెన్స్ (పైనుంచి వచ్చే వారసత్వ హక్కులు) తీసేస్తే సర్వీసే లేవదు కదా.

గొళ్లెం:
ఐక్యాక్ల్స్‌కు వారసత్వం తీసేసే ఇన్‌హెరిటెన్స్:ఆర్ ఒక్కటే ఇస్తే సిస్టమ్ హక్కు కూడా పోతుంది, అందుకే లేవదు. అదే కమాండ్‌లో గ్రాంట్ కూడా ఇవ్వండి: సిస్టమ్‌కు, అడ్మినిస్ట్రేటర్స్‌కు ఎఫ్ (పూర్తి హక్కు), యూజర్స్‌కు ఆర్‌ఎక్స్ (చదివే, నడిపే హక్కు). మూడింటికీ ఓఐ, సీఐ జోడిస్తేనే లోపలి ఫైళ్లకూ ఫోల్డర్లకూ దిగుతాయి. లాగ్‌లను ప్రోగ్రామ్‌డేటాకు (ప్రోగ్రాములు తమ డేటా పెట్టుకునే ఫోల్డర్) తరలించండి, కానీ అక్కడా ఒక గుంట ఉంది. మీరు అక్కడ పెట్టబోయే పేరుతోనే మామూలు యూజర్ ఫోల్డర్ ముందే సృష్టిస్తే ఓనర్ అతనే, మీరు బిగించిన హక్కులను మళ్లీ వదులు చేసుకోగలడు. ఫోల్డర్ ముందే ఉండి, ఓనర్ సిస్టమో అడ్మినిస్ట్రేటర్సో కాకపోతే ఇన్‌స్టాలర్ అక్కడే ఆగిపోవాలి.