కోన్ నత్తలన్నీ ఒకే ప్రజాతా, వందా? మ్యూజియం లేబుల్ మీద ఏం రాయాలి?

పానగల్లు:
నల్లగొండలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తాను. మా మ్యూజియంలో పాడైపోయిన లేబుళ్లు తీసేసి కొత్తవి రాస్తున్నాం. కోన్ నత్తల (విషమున్న సముద్రపు నత్తలు) చిప్పలున్న డ్రాయర్ దగ్గర పని ఆగింది. పాత లేబుల్ మీద "కోనస్ టెక్స్‌టైల్" అని ఉంది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక మేడమ్, "కోనస్ ప్రజాతిని (జీనస్‌ను) ఎప్పుడో విడగొట్టారు, దీన్ని ఇప్పుడు సిలిండర్ టెక్స్‌టైల్ అనాలి" అంటున్నారు. ఇంకో సార్ "కోనస్ చాలు, పిల్లల్ని గందరగోళపెట్టొద్దు" అంటున్నారు. ప్రాక్టికల్స్‌లో ఈ చిప్పనే స్పాటర్‌గా (పిల్లలు గుర్తుపట్టాల్సిన నమూనాగా) పెడతాం కాబట్టి ఏదో ఒకటి తేల్చాలి. మీరేమంటారు? ఏది చెప్పినా కారణంతో చెప్పండి.

కోయిల్‌సాగర్:
నాది మేడమ్ మాటే సార్. లిన్నేయస్ 1758లో కోనస్ అనే పేరు పెట్టినప్పుడు అందులో ఉన్నవి కొన్ని పదుల జాతులు. ఇప్పుడు ఈ నత్తలు 800 జాతులకు పైగా ఉన్నాయి. ఊరంతటికీ ఒకే ఇంటిపేరు ఉంటే ఆ పేరుతో ఎవరిని గుర్తుపడతాం? టకర్, టెనోరియో అనే పరిశోధకులు 2009లో చిప్ప ఆకారంతో పాటు విషం ఎక్కించే పంటి నిర్మాణాన్ని కూడా చూసి వీటిని చాలా ప్రజాతులుగా విడదీశారు. తర్వాత ఆ లెక్క దగ్గర దగ్గర వంద దాకా వెళ్లింది. అలా విడదీస్తే పేరే సమాచారం ఇస్తుంది. పయోనోకోనస్ అంటే చేపల్ని వేటాడేది, సిలిండర్ అంటే తోటి నత్తల్ని తినేది. ఉత్త కోనస్ అంటే ఏం తెలుస్తుంది? విషం ఉంది అని తప్ప ఏమీ తెలియదు.

మూసీతీరం:
కోయిల్‌సాగర్ అన్నా, మీరు చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటా. పన్ను చూడాలన్నది నిజం. కానీ 2009 తర్వాత జరిగిన పని మీ పోస్టులో లేదు. పుయాండ్ర్ అనే పరిశోధకుడి బృందం 2014లో 320 జాతుల డీఎన్‌ఏ తీసుకుని, మైటోకాండ్రియాలోని మూడు జన్యువులతో వంశవృక్షం గీసింది. అందులో నాలుగు పెద్ద శాఖలు తేలాయి. దాని ఆధారంగానే 2015లో ఒకే కుటుంబం, నాలుగు ప్రజాతులు అన్నారు: కోనస్, కోనాస్ప్రెల్లా, ప్రొఫండికోనస్, కాలిఫోర్నికోనస్. తెలిసిన జాతుల్లో 85 శాతానికి పైగా కోనస్‌లోనే ఉండిపోయాయి. తర్వాత మరికొన్ని చిన్న ప్రజాతులు చేరాయి, కానీ కోనస్ మాత్రం ముక్కలు కాలేదు.

విడదీయడానికి వాళ్లకేమీ భయం లేదు. కాలిఫోర్నియా తీరంలో ఉండే ఒక్క జాతి డీఎన్‌ఏలో మిగతా వాటికి దూరంగా నిలబడింది. పురుగులు, నత్తలు, చేపలు, ఏది దొరికితే అది తింటుంది. దాని కోసం ఒక ప్రజాతినే కేటాయించారు. అంటే ఆధారం ఉన్నచోట విడదీశారు, లేనిచోట ఆగారు. నాకు నచ్చింది ఆ నిగ్రహమే. మీరు చెప్పే సిలిండర్, పయోనోకోనస్ కూడా ఎక్కడికీ పోలేదు. కోనస్ లోపల 57 ఉపప్రజాతులు పెట్టారు, అవి అందులో ఉన్నాయి. ఏం తింటుందో చెప్పే పేరు ఉపప్రజాతి రూపంలో మనకు దక్కింది.

ఇంకో మాట. నొప్పి మందు జికోనోటైడ్ కోనస్ మేగస్ విషం నుంచి వచ్చింది, 2004లో అమెరికాలో అనుమతి పొందింది. ఇన్నేళ్లుగా మందుల పరిశోధన అంతా ఆ పేరుతోనే ఉంది. రేపు పిల్లలు పయోనోకోనస్ మేగస్ అని వెతికితే ఆ పరిశోధనలో ఎంత దొరుకుతుంది?

కోయిల్‌సాగర్:
ఆ చివరి వాదన నిలబడదు. కోనోటాక్సిన్ల (కోన్ నత్తల విషాల) పేర్లలో పెట్టేది జాతి పేరు అక్షరాలు, ప్రజాతివి కావు. మేగస్‌కు ఎం, జియోగ్రాఫస్‌కు జి, టెక్స్‌టైల్‌కు టిఎక్స్. ప్రజాతి పేరు మారినా విషం పేరు మారదు. శాస్త్రం ముందుకు పోతుంటే పాత పేపర్ల సౌకర్యం కోసం ఆగుతామా?

మూసీతీరం:
విషం పేర్ల గురించి మీరన్నది కరెక్టే. డీఎన్‌ఏ వాదన మాత్రం అలాగే ఉంది, దానికి జవాబు చెప్పండి.

అమ్రాబాద్:
సార్, నేను సీపీగెట్‌కు (పీజీ ప్రవేశ పరీక్షకు) ప్రిపేర్ అవుతున్న. మా బ్యాచ్ రామేశ్వరం పోయి వచ్చింది, అక్కడ దుకాణంలో కొన్న చిప్పలు ఉన్నాయి. అసలు చిప్ప చూసి జాతి చెప్పడమే మాకు టెన్షన్. ప్రజాతి గొడవ తర్వాత, ముందు గుర్తుపట్టడం ఎట్ల?

మూసీతీరం:
తమ్ముడూ, అసలు చర్చ నీ ప్రశ్నలోనే ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

చిప్పను కొన పైకి వచ్చేలా పెట్టకు, మెలిక తిరిగిన స్పైర్ పైకి ఉండాలి. స్పైర్ ఎత్తుగా ఉందా, బల్లపరుపుగా ఉందా చూడు. దాని కింద భుజం ఉంటుంది. అది కోణంగా ఉందా, గుండ్రంగా ఉందా, బొడిపెలున్నాయా చూడు. ఆ తర్వాత చివరి చుట్టు, దాని పక్కనే పొడవాటి సన్నని నోరు. జియోగ్రాఫస్‌కు నోరు బాగా వెడల్పు, చిప్ప పల్చన. స్పైర్ చివర ఉండే లార్వా చిప్పను లెన్స్‌తో చూడు. చుట్లు ఎక్కువుంటే ఆ లార్వా సముద్రంలో చాలా దూరం తేలుతుందని, తక్కువుంటే పుట్టినచోటికి దగ్గర్లోనే ఆగిపోతుందని సాధారణంగా అర్థం. కేప్ వర్డ్ దీవుల్లో ఇంకెక్కడా లేని కోన్ జాతులు అన్ని ఉండటానికి ఇదో పెద్ద కారణం.

రంగును అందరూ ముందు చూస్తారు. నేను చివర చూడమంటా. టెక్స్‌టైల్ మీద ఉండే గుడారాల్లాంటి త్రికోణాలు దానికి ఒక్కదానికే ఉండవు, దగ్గరి జాతుల మీదా ఉంటాయి. ఇంకో ఉదాహరణ కోనస్ ఎబ్రేయస్, తెల్లటి చిప్ప మీద నల్ల గళ్లు. బెర్గ్ అనే ఆయన 1895లోనే పన్ను తేడా చూసి జుడేయస్ అని ఇంకో జాతి ఉందన్నాడు. చిప్పలు రెండూ ఒకేలా ఉండటంతో ఆ పేరు మూలన పడింది. 2009లో డీఎన్‌ఏ, పన్ను రెండూ కలిపి చూస్తే ఆయనదే నిజమని తేలింది. వంద ఏళ్లకు పైగా రెండు జాతుల్ని ఒకే పేరుతో డ్రాయర్లలో పెట్టారు. అందుకే చిప్ప ఒక్కటే చూసి ఖాయంగా చెప్పేవాళ్లను నేను నమ్మను.

నువ్వు కొన్న చిప్పలతో ఇంకో సమస్య ఉంది. బతికున్న కోన్ మీద గోధుమ రంగు పైపొర ఉంటుంది, చాలా జాతుల్లో అది డిజైన్‌ను మూసేస్తుంది. దుకాణంలో దాన్ని తీసి పాలిష్ పెడతారు. అది ఏ తీరంలో, ఎంత లోతులో దొరికిందో కూడా నీకు తెలియదు. ఆ రెండూ పోయాక గుర్తింపు సగం ఊహే.

టూర్‌లో నీళ్లలో బతికున్నది కనిపిస్తే ముట్టుకోకండి. వెడల్పు వైపు పట్టుకుంటే ఏం కాదని కొందరు చెప్తారు, అది తప్పు. నత్త తొండం సాగి చిప్ప అంతటా చేరగలదు. దాని చివర ఉండే బోలు పన్నే బాణం. జియోగ్రాఫస్ కుట్టి మనుషులు చనిపోయారు, దానికి విరుగుడు మందు లేదు.

పానగల్లు:
చాలా ఉపయోగపడింది. మా డ్రాయర్ మళ్లీ చూశాను. సగం చిప్పలకు ఎక్కడ సేకరించారో రాసి లేదు. ప్రజాతి పేరు కోసం ఇంత వాదించుకుని, తీరం పేరు లేని విషయం మేమెవరం పట్టించుకోకపోవడం నాకు బాధనిపించింది. లేబుల్ ఇలా రాస్తున్నాం: ప్రజాతి కోనస్, ఉపప్రజాతి సిలిండర్, జాతి టెక్స్‌టైల్. కింద తీరం, సంవత్సరం, సేకరించిన వాళ్లు. తీరం తెలియనివి పిల్లలు పట్టుకుని చూడటానికి వేరే ట్రేలో పెడతాం, వాటి మీద జాతి పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంటుంది. స్పిరిట్‌లో నత్త శరీరం ఉన్న సీసా ఒకటి దొరికింది. పన్ను బయటికి తీసి మైక్రోస్కోప్ కింద చూద్దామని మేడమ్ అంటున్నారు.

కోయిల్‌సాగర్:
ఉపప్రజాతి రాస్తున్నందుకు సంతోషం సార్. కానీ ఒకే ప్రజాతిలో 57 ఉపప్రజాతులంటే నాకు ఇప్పటికీ ఒప్పుదల లేదు. ఆ వంశవృక్షం మూడు మైటోకాండ్రియా జన్యువుల మీదే నిలబడింది. కేంద్రకంలోని జన్యువులతో ఎక్కువ జాతుల్ని చూసినప్పుడు ఆ శాఖలు అలాగే ఉంటాయో లేదో అడగాల్సిందే. పన్ను ఫొటో తీస్తే ఇక్కడ పెట్టండి, దాని మీద కొక్కేలు ఎన్నున్నాయో కలిసి చూద్దాం.