వన్‌టౌన్ పాత ఇళ్లు: కాపాడమంటే సరే, ఖర్చెవరిది?

వన్‌టౌన్ మనవడు:
మా తాతగారిల్లు విజయవాడ వన్‌టౌన్‌లో ఉంది. మద్రాసు టెర్రస్ (దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన చదును కప్పు), టేకు దూలాలు, వీధి అరుగు. పైకప్పు మీద రావి మొక్క లేస్తే పీకాను, ఇటుక కూడా చేతికొచ్చింది. వాటాదారులం ఆరుగురం. బిల్డర్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఇలాంటి ఇళ్లన్నీ రాష్ట్ర ప్రభుత్వం హెరిటేజ్ జాబితాలో పెట్టాలని నిన్న ఒక గ్రూపులో ఎవరో రాశారు. పెట్టమనండి. మరి రిపేరు ఖర్చు? సొంత ఇంటికి సర్కారు డబ్బివ్వడం న్యాయమేనా?

బుడమేరు బాధితుడు:
న్యాయం కాదండీ. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌లో మా ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. గోడ కింది సగం ఇప్పటికీ పెచ్చులు రాలుతోంది. మా పన్నులతో మీ టేకు దూలాలకి పాలిష్ వేయించాలా? అందరిదైన కట్టడానికి పెట్టండి, కాదనను. బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది. 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా చూపించింది అక్కడే అంటారు. టికెట్ కొని ఎవరైనా లోపలికి వెళ్లొచ్చు. మీ తాతగారి అరుగు మీద నన్ను కూర్చోనిస్తారా?

గుంటూరు ప్లీడరు:
ఉండవల్లి, మొగల్రాజపురం గుహలు కేంద్రం కింద ఉన్నాయి, వాటిది పురాతన కట్టడాల 1958 చట్టం. కొండపల్లి కోట రాష్ట్ర పురావస్తు శాఖది, దానికి 1960 చట్టం. కోటలూ గుళ్లూ గుహల కోసం రాసుకున్నవే ఇవన్నీ, కాపురాలుండే ఇళ్ల కోసం కాదు. 2010 సవరణ తర్వాత కేంద్ర కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్తగా కట్టకూడదు, ఆపైన ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి ఉండాలి. మా పిన్ని ఇల్లు ఒక గుహకి ఆ వంద లోపలే పడింది. పై అంతస్తు లేదు, పరిహారమూ లేదు. గొప్ప ఊరికి, ఖర్చు ఆవిడకి! జాబితా అనగానే జనం హడలిపోయేది అందుకే. పేరెక్కుతుందని తెలిస్తే ముందురోజు రాత్రే జేసీబీ దిగుతుంది. డబ్బివ్వని జాబితా పాత ఇళ్లను ఇంకా తొందరగా కూలగొట్టిస్తుంది.

బెంజి సర్కిల్ బాబాయ్:
డబ్బెందుకు? రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకి టీడీఆర్ బాండ్లిస్తున్నారుగా, అంటే ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు, కావాలంటే అమ్ముకోవచ్చు. పాత ఇల్లు కూల్చనివాడికీ, వదులుకున్న అంతస్తులకి బదులు బాండివ్వండి. అమ్ముకుని రిపేరు చేయించుకుంటాడు.

గుంటూరు ప్లీడరు:
బాబాయ్, కొనేవాడు దొరికేలోపు కప్పు కూలుతుంది.

సున్నం మేస్త్రి కొడుకు:
డబ్బొచ్చాక జరిగేది నేను చూశాను. గుంటూరు దగ్గర ఒక పాత బడికి నిధులొచ్చాయి. టెండర్ తక్కువ కోట్ చేసినవాడికే కదా, అతను సున్నపు గోడ మీద సిమెంటు కొట్టించాడు. సున్నపు గోడ చెమ్మ పీలుస్తుంది, వదులుతుంది. పైన సిమెంటు మూత పడితే ఆ చెమ్మ ఎటు పోవాలి? రెండు వానాకాలాలకి గోడంతా ఉప్పు తేలింది. ప్లాస్టరు పలకలు పలకలుగా ఊడింది, దానికంటుకుని పాత ఇటుకల పైపొర కూడా వచ్చేసింది. ముట్టుకోకుండా వదిలేస్తే ఇంకో ఇరవై ఏళ్లు నిలిచేదేమో. మా నాన్న ఇసుక, సున్నం గానుగలో ఆడించి, కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి మాగబెట్టేవాడు. ఆ పని తెలిసినవాళ్లకి నేటి టెండర్‌లో చోటు లేదు. పథకం పెడితే ముందు ఆ రూలు మార్చాలి, చెక్కులు తర్వాత.

బుడమేరు బాధితుడు:
సరే, నేనూ ఒక మెట్టు దిగుతాను. సర్కారు సొమ్ము తీసుకున్న ఇల్లు ఏడాదిలో కొన్ని రోజులైనా జనానికి తెరవాలి. తర్వాత అమ్ముకుంటే ఆ డబ్బు తిరిగి కట్టాలి. ఈ షరతులకు ఒప్పుకుంటే ఇవ్వండి.

వన్‌టౌన్ మనవడు:
నాకు ఓకే అండీ. మిగతా ఐదుగురు వాటాదారులతోనే టెన్షన్, అందులో ఒకాయన అమెరికాలో ఉన్నాడు. అరుగు సంగతి అడిగారు కదా, తప్పకుండా రండి. కాకపోతే ఎడమ పక్కన కూర్చోండి, కుడి పక్క పైనుంచి పెచ్చులు పడుతున్నాయి.