చిన్న బాకీకి ట్రాన్స్‌క్రిప్ట్ ఆపడం న్యాయమేనా?

ఓరుగల్లుపిల్ల:
అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేశా. ఆఖరి సెమిస్టర్ హెల్త్ ఇన్సూరెన్స్ తాలూకు 640 డాలర్లు బాకీ ఉందంటున్నారు. ఆ ఇన్సూరెన్స్ నాకొద్దని వెయివర్ పెట్టానని నేను, గడువు దాటాక పెట్టావని వాళ్లు. అకౌంటు మీద హోల్డ్ పెట్టారు, ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) ఇవ్వట్లేదు. ఉద్యోగం ఇస్తామన్నవాళ్లు అడిగేది అదే. డాక్టర్ నాసర్ క్రీడాకారిణుల్ని లైంగికంగా వేధించిన కేసులో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ 2018లో 50 కోట్ల డాలర్లకు రాజీ పడింది కదా. ఇలాంటి యూనివర్సిటీలకు నా 640 ఒక లెక్కా?

గోదారిగాలి:
చెల్లీ, ఆ రెండూ కలపకు. అది 332 మందికి జరిగిన ఘోరానికి కట్టిన పరిహారం. వాళ్లకిచ్చారుగా, నాకూ వదిలేయండి అంటే వినడానికే బాగోదు.

ఓరుగల్లుపిల్ల:
నిజమే అన్నా, పోలిక తప్పే. కానీ ఒకటి చూడు. ఆ సొమ్ము కట్టడానికి వాళ్ల ట్రస్టీలు బాండ్లతో అప్పు తెచ్చుకుని ఏళ్ల తరబడి తీర్చుకునే వీలు చేసుకున్నారు. నేను నెలకు వంద కడతానన్నా హోల్డ్ తీయలేదు.

లెక్కలమాస్టారు:
ఒక యూనివర్సిటీ బర్సర్ ఆఫీసులో, అంటే ఫీజులు వసూలు చేసే చోట, చాలాకాలం పనిచేసినవాణ్ణి. కౌంటర్లో కూర్చున్నవాడికి బాకీ వదిలేసే అధికారం ఉండదమ్మా, అది ప్రభుత్వ సొమ్ము. ఒహాయోలో అయితే 45 రోజుల్లో తీరని బాకీని రాష్ట్ర అటార్నీ జనరల్‌కి అప్పగించాలి, అక్కణ్ణుంచి వసూలు ఖర్చులు కూడా విద్యార్థి నెత్తినే. ఇక రాదనుకున్నది రైట్ ఆఫ్ చేస్తారు. అంటే మాఫీ అయిందని చాలామంది సంబరపడతారు. కాదు. ఆస్తుల పద్దులోంచి తీసేస్తారంతే, బాకీ మాత్రం నీ పేరు మీదే ఉంటుంది. ట్రాన్స్‌క్రిప్ట్ ఆపడం సంగతి వేరు. పైసా ఖర్చులేని పని కాబట్టి అందరూ దానికే అలవాటుపడ్డారు.

డెట్రాయిట్‌బావ:
అలవాటు కాదు మాస్టారూ, అవసరం. ఫ్లైటెక్కి ఇంటికెళ్లిపోయినవాడి కోసం ఏ కలెక్షన్ ఏజెన్సీ హన్మకొండ వచ్చి తలుపు కొడుతుంది? మా రూమ్మేట్ ఒకడు సెమిస్టర్ ఫీజు ఎగ్గొట్టి చక్కా పోయాడు. వాడి వాటా మనలాంటి వాళ్ల ఫీజుల్లోంచే పోతుంది. సొమ్మొకడిది సోకొకడిది.

లెక్కలమాస్టారు:
కాలిఫోర్నియాలో 2020 నుంచి బాకీ సాకుతో ట్రాన్స్‌క్రిప్ట్ ఆపకూడదు. అక్కడేమీ యూనివర్సిటీలు మూతపడలేదు. 2024 జులైలో అమెరికా కేంద్ర ప్రభుత్వమూ ఒక నిబంధన తెచ్చింది. కానీ అది ఫెడరల్ ఎయిడ్ (చదువుకి ఆ ప్రభుత్వమిచ్చే సాయం) తీసుకుని, ఫీజు పూర్తిగా కట్టిన సెమిస్టర్ల క్రెడిట్లకే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన మన పిల్లలకు ఆ ఎయిడే లేదు, ఇక నిబంధన ఏం కాపాడుతుంది?

ఓరుగల్లుపిల్ల:
మరి నన్నేం చేయమంటారు?

లెక్కలమాస్టారు:
ఏజెన్సీకి పోకముందే కట్టెయ్. కట్టేటప్పుడు, ఒప్పుకుని కట్టడం లేదు, అప్పీలు చేస్తున్నా అని మెయిల్ పెట్టు. వెయివర్ పెట్టిన రోజు స్క్రీన్‌షాట్ ఉందా?

ఓరుగల్లుపిల్ల:
ఉంది. తేదీ సగం కట్ అయింది.

గోదారిగాలి:
బావా, ఒక్క మాట. ఆ రూమ్మేట్‌కి ట్రాన్స్‌క్రిప్ట్ ఆపారా?

డెట్రాయిట్‌బావ:
ఆపారు. వాడు వాళ్ల నాన్న రైస్ మిల్లు చూసుకుంటున్నాడు, అడగనే లేదు.