తాతగారి మండువా ఇల్లు: బాగుచేయించాలా, పడగొట్టి డాబా వేయాలా?

మండువా మనవడు
అమలాపురం దగ్గర మా ఊళ్ళో తాతగారు 1938లో కట్టించిన మండువా లోగిలి ఉంది. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, దాని చుట్టూ నాలుగు పక్కలా వసారాలు, ఎనిమిది టేకు స్తంభాలు, పైన బంగాళా పెంకు. గోడలు అడుగున్నర మందం, ఇటుకా, గానుగలో రుబ్బిన సున్నం. 1996 నవంబరు తుఫానుకి తూర్పువైపు పెంకంతా లేచిపోతే నాన్న మళ్ళీ వేయించారు. పాత పూత పెచ్చులూడుతోందని 2011లో ఒక కాంట్రాక్టరు చెబితే గోడలన్నిటికీ సిమెంటు ప్లాస్టరింగు చేయించాం. ఇప్పుడు మొలెత్తు దాకా ఉప్పు పొంగి, చేత్తో నొక్కితే రాలుతోంది. రెండేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా వచ్చి పని చేయిస్తున్నాను. 14 లక్షలైంది. మొన్న పడమటి వసారా పెంకు దింపితే గోడలో ఉన్న దూలం కొస జానెడు మేర పుచ్చి ఉంది. స్క్రూడ్రైవరు పెడితే పిడి దాకా దిగింది. మేస్త్రి ఇంకో 9 లక్షలంటున్నాడు. మా బావేమో "ఈ డబ్బుతో ఈపాటికి డాబా లేచేది, పడగొట్టు" అంటున్నాడు. ఏం చేయమంటారు?

తాపీమేస్త్రి కొడుకు
పడగొట్టకండి. గోడకి జబ్బు లేదు, దాని మీద వేసిన సిమెంటే జబ్బు. పాత ఇటుక మెత్తన. నేలలో చెమ్మ పైకి లాగుతుంది, సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. సిమెంటు వేశాక ఆ చెమ్మకి దారి లేదు. దాంతోపాటు వచ్చిన ఉప్పు పూత వెనకాల గడ్డకట్టి ఇటుకని పిండి చేస్తుంది. సిమెంటంతా చెక్కించండి. ఒక వేసవంతా గోడ ఆరనివ్వండి. తర్వాత సున్నం. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల మీద పాత మరమ్మతుల్లో పూసిన సిమెంటుని ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు 2013 నుంచి తీయించి మళ్ళీ సున్నమే పూయించారు.

ఓరుగల్లు బిడ్డ
మా దిక్కు భవంతి ఇండ్లు, అంటే మీ మండువా లాంటియే, సున్నానికి పోలేదన్నా, కోతులకు పోయినయ్. ఒక్క మంద ఇంటి మీద దుంకితే గూనపెంక మిగలదు. మూడేండ్లు పెంక సర్దిచ్చి సర్దిచ్చి ఆఖరికి రేకులేసినం. మీ ఊళ్ళె కోతులున్నయా? ముందుగాల అది చెప్పుండ్రి.

సైటు ఇంజనీరు
మేస్త్రి కొడుకు గారూ, సిమెంటు మీదకి నెట్టడం తేలిక. అప్పటి ఊరి ఇళ్ళకి పునాదికీ గోడకీ మధ్య చెమ్మనాపే పొర ఎక్కడా వేయలేదు. అసలు లోపం అది. కోనసీమలో నేలనీరు చేతికందేంత పైన ఉంటుంది. సున్నం పూసినా చెమ్మ వస్తూనే ఉంటుంది, నాలుగేళ్ళకోసారి పూత రాలుతూనే ఉంటుంది. దూలం కొసకీ సిమెంటుకీ అసలు సంబంధం లేదు. పైన పెంకు కారింది, కొస పుచ్చింది. అంతే.

తాపీమేస్త్రి కొడుకు
సంబంధం ఉంది. కొస గోడలోనే కదా ఉంది? పెంకు కారినా ఆరే వీలుంటే టేకు అంత త్వరగా పుచ్చదు. చుట్టూ సిమెంటు దట్టించేశారు. నేను పందెం కాస్తాను, కొస చుట్టూ వేలు దూరేంత సందు కూడా ఉండి ఉండదు.

మండువా మనవడు
నిజమే, సందు లేదు. ఆ కొసకి సరిగ్గా పైన రెండు పెంకులు పగిలి ఉన్న మాట కూడా నిజం. కోతులు మా ఊళ్ళో ఇంకా లేవండి.

సైటు ఇంజనీరు
రెండు పెంకులు పగిలాయని ఆయనే అంటున్నారు. ఇంకేం కావాలి?

నూతిపళ్ళెం
నేను అలాంటి ఇంటికి కోడలిగా వెళ్ళి పంతొమ్మిదేళ్ళు చేశాను. ఒక్క మాట అడుగుతాను. మీలో ఎవరైనా మండువా కడిగారా? వానొస్తే నాలుగు వాలుల నీళ్ళూ నడిమింట్లోనే పడతాయి. తూము ఆకులతో పూడుకుంటే అర్ధరాత్రి లేచి చెయ్యి పెట్టి తీసేదాన్ని. వంటిల్లు ఒక చివర, స్నానాల గది పెరట్లో ఇంకో చివర. మా అత్తగారు శ్రావణమాసంలో ఆ తడి గచ్చు మీద జారి తుంటి విరిగి మూడేళ్ళు మంచం పట్టారు. ఎత్తి కూర్చోబెట్టింది నేను. చూడ్డానికొచ్చిన చుట్టాలు మాత్రం స్తంభాల పక్కన ఫొటోలు తీసుకుని వెళ్ళేవారు. సున్నమో సిమెంటో తర్వాత తేల్చుకోండి, ఆ ఇంట్లో ఉండబోయేది ఎవరో, చీపురు పట్టేది ఎవరో ముందు రాయండి.

కలప అడితి
పడగొట్టేటట్టయితే స్తంభాలూ తలుపులూ మేస్త్రికి వదిలేయకండి. పాత టేకుకి కొనేవాళ్ళు ఇళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు.

తాపీమేస్త్రి కొడుకు
అమ్మా, మీ కష్టం కాదనను. మండువాకి పైన అద్దమో పాలికార్బనేటు రేకో వేయించుకోవచ్చు, స్నానాల గది లోపలికి తెచ్చుకోవచ్చు. దానికి ఇల్లు కూల్చక్కర్లేదు. ఇక ఇంజనీరు గారూ, సున్నం నీటికి ఆగదన్నట్టు మాట్లాడుతున్నారే, కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది దేనితో? గోదావరినే ఆపింది సున్నం.

సైటు ఇంజనీరు
ఆ ఆనకట్ట దెబ్బతింటేనే కదా 1970లో కొత్త బ్యారేజీ మొదలెట్టి 1982కి పూర్తిచేశారు? అది చెప్పరేం?

తాపీమేస్త్రి కొడుకు
నూటపాతికేళ్ళు నిలబడ్డాక! మీరు వేసిన స్లాబు ముప్పై ఏళ్ళకే ఊచలు తుప్పుపట్టి పెచ్చులు నెత్తిన పడుతున్నాయి. మా ఊరి బడిలో చూశాను.

సైటు ఇంజనీరు
నేను వేసిన స్లాబు మీరెప్పుడు చూశారు? నోటికొచ్చినట్టు రాయకండి. చెబుతాను వినండి. 1996 నవంబరు 6 రాత్రి మాది పెంకుటిల్లు. నాకు పదకొండేళ్ళు. ముందు పెంకులు ఒక్కొక్కటీ లేచాయి, తర్వాత వాసాలు, ఆ తర్వాత వెన్నుదూలం వంటింటి గోడతో సహా కూలింది. నానమ్మ దాని కింద ఉండిపోయింది. వీధిలో డాబా ఒక్కటే, ముప్పైమందిమి తెల్లారేదాకా అందులో నిలబడ్డాం. పెంకుటిల్లు ఉంచమని నేను ఎవరికీ చెప్పలేను. చెప్పను.

తాపీమేస్త్రి కొడుకు
ఆ సంగతి తెలియదండీ. క్షమించండి. నా సంగతీ చెప్పేస్తాను. మా నాన్న నలభై ఏళ్ళు తాపీ పట్టారు. సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ళు ఎన్నాళ్ళు నానాలో, సున్నం ఎప్పుడు వెన్నలా అవుతుందో వేళ్ళతో చెప్పేవారు. ఊళ్ళో గానుగ రాయి పక్కకి దొర్లించేశాక ఆయనకి పని లేదు. ఆఖరి ఏడేళ్ళు ఒక అపార్ట్‌మెంటుకి కాపలా ఉన్నారు. ఎవరైనా పాత ఇల్లు పడగొడతానంటే నాకు ఆయన కుర్చీలో కూర్చున్నదే కనిపిస్తుంది.

పెరటి నిమ్మచెట్టు
రెండు రోజులుగా చదువుతున్నాను. మనవడు గారూ, నూతిపళ్ళెం గారి ప్రశ్నకి మీరు జవాబివ్వలేదు. నాది ఇంకోటి. ఇల్లు ఎవరి పేరున ఉంది? మీకు మేనత్తలున్నారా?

మండువా మనవడు
ఉండబోయేది మా అమ్మ, పనిమనిషి సాయంతో. నేను ఏడాదికి రెండు నెలలు. ఇల్లు ఇంకా తాతగారి పేరునే ఉంది. ఆయన 1992లో పోయారు, వీలునామా లేదు. అత్తలు ఇద్దరు. ఇద్దరికీ 1985కి ముందే పెళ్ళిళ్ళయ్యాయి కాబట్టి వాటా రాదని బావ చెప్పాడు. బావంటే చెల్లెలి భర్త కాదు, మా పెదనాన్న అల్లుడు.

పెరటి నిమ్మచెట్టు
అనుకున్నాను. మా పుట్టింట్లోనూ ఇదే మాట చెప్పారు, నేను పదహారేళ్ళు నమ్మాను. 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్ళయినవాళ్ళని పక్కన పెట్టింది హిందూ వారసత్వ చట్టానికి చేసిన ఆంధ్రప్రదేశ్ సవరణ. అది ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు గురించి. మీ తాతగారు సొంత సంపాదనతో కొని కట్టిన ఇల్లయితే, వీలునామా లేకుండా పోతే, 1956 వారసత్వ చట్టం ప్రకారమే కూతుళ్ళకి కొడుకులతో సమానంగా వస్తుంది. పెళ్ళి ఎప్పుడైందన్నది అక్కడ లెక్కలోకే రాదు. కాపురముంటున్న ఇంటిని పంచమని ఆడపిల్లలు అడక్కూడదన్న అడ్డు ఒకటి ఉండేది, 2005లో అదీ తీసేశారు. మీరు పెట్టిన 14 లక్షలు నలుగురి ఇంటి మీద పెట్టారు. పడగొట్టి మీ పేరున ప్లాను పెడితే అప్పుడు రేగుతుంది. మీ బావకి ఇది తెలియదనుకోను.

ఓరుగల్లు బిడ్డ
అక్క చెప్పింది నిజం. మా ఇంటి పంచాయితీ గిట్లనే మొదలైంది.

మండువా మనవడు
నిన్న రాత్రి పెద్దత్తకి ఫోను చేశాను. తాతగారు పొలం కొన్నదీ ఇల్లు కట్టించిందీ తన లంక పొగాకు వ్యాపారం మీదేనని ఆవిడే చెప్పింది. రెండేళ్ళుగా పని జరుగుతున్న సంగతి ఆవిడకి ఊళ్ళోవాళ్ళ ద్వారా తెలిసిందట. "నాకు వాటా గురించి కాదురా, నన్ను అడగలేదు" అంది. చాలాసేపు నేనేమీ మాట్లాడలేకపోయాను. తాతగారి గదిలో పురుడు పోసుకున్నది ఆవిడే. ఈ ఆదివారం ఇద్దరత్తలూ వస్తున్నారు. వాళ్ళు చూసేదాకా ప్లాస్టరింగు చెక్కే పని ఆపేశాను. ఆ దూలం మాత్రం ఏం చేయాలో తెలియడం లేదు, వానలు దగ్గరపడ్డాయి.

నూతిపళ్ళెం
అమ్మగారికి స్నానాల గది పడకగదిని ఆనుకుని ఉండాలి. ఆదివారం నలుగురూ కూర్చున్నప్పుడు ఆ మాట మొదట ఎత్తండి.

సైటు ఇంజనీరు
ఆదివారం దాకా ఆగకండి. దూలం కింద గోడకి రెండడుగుల ఇవతల సరుగుడు బాదులు రెండు ఊతంగా పెట్టించండి, కింద చెక్క వేసి. పైన టార్పాలిన్ కట్టండి. పుచ్చు ఎంతవరకు పోయిందో సన్న మేకుతో అంగుళం అంగుళం గుచ్చి సుద్దతో గీత పెట్టి ఫొటో పంపండి. గట్టి చెక్క మిగిలితే కొస కోసేసి కొత్త టేకు ముక్క అతికించి, రెండువైపులా ఇనుప పలకలతో బోల్టులు బిగించవచ్చు. మళ్ళీ గోడలో పెట్టేటప్పుడు చుట్టూ అంగుళం సందు వదలాలి. ఆ విషయంలో మేస్త్రి కొడుకు గారు చెప్పిందే సరైనది.

తాపీమేస్త్రి కొడుకు
కొస కూర్చునే చోట రాతిపలక వేయించండి, ఇటుక మీద నేరుగా వద్దు. ఫొటో పెట్టండి, చూస్తాను.