డ్రైవింగ్‌లో ఫోన్ వద్దని కుర్రాళ్లకి ఎలా చెప్తే బుర్రకెక్కుతుంది?

వెనకసీటు:
వచ్చే వారం మా కాలేజీలో రోడ్డు భద్రత మీద గంటసేపు మాట్లాడే పని నా నెత్తిన పడింది. వినేదంతా ఈమధ్యే లైసెన్సు చేతికొచ్చిన పిల్లలు. పోయినసారి ఎవరో వచ్చి నుజ్జయిన కార్ల ఫొటోలు, రక్తం మరకలు చూపించి వెళ్లారు. అందరూ బిగుసుకుపోయి కూర్చున్నారు, తీరా గేటు దాటకముందే ఒకడు చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని బండి స్టార్ట్ చేశాడు. ప్రమాదమని తెలియక కాదు, నాకేం కాదులే అన్న ధీమా. దాన్ని కదిలించే పని ఏదైనా మీరు చేసి చూశారా? "హ్యాండ్స్‌ఫ్రీ అయితే ఓకే కదా సార్" అని ఎలాగూ అడుగుతారు, దానికీ జవాబు కావాలి.

టేపుకొలత:
స్లైడ్లు పక్కన పడేసి గ్రౌండ్‌కి తీసుకెళ్లండి సార్. గంటకి 60 కిలోమీటర్లంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు, మూడు సెకన్లు ఫోన్‌లోకి చూస్తే 50 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. ఈ లెక్క బోర్డు మీద రాస్తే తలూపి ఊరుకుంటారు. నేను 50 మీటర్లు కొలిచి ఇటు చివర ఒకణ్ణి, అటు చివర ఒకమ్మాయిని నిలబెట్టి, వాడితో "జేబులోంచి ఫోన్ తీసి ఆఖరి మెసేజ్ చదువు" అని స్టాప్‌వాచ్ నొక్కాను. లాక్ తీసి చదివేసరికి ఆరు సెకన్లు దాటింది. అంటే 100 మీటర్ల పైనే. ఆ అమ్మాయిని దాటి ఇంకా అంత దూరం కొలవబోతే మధ్యలో గోడ అడ్డొచ్చింది, "ఇంకా ఉందా సార్" అని వాడే అడిగాడు. బ్రేకు నొక్కాక బండి ఆగే దూరం దీనికి అదనం.

నిదానం:
హ్యాండ్స్‌ఫ్రీ సంగతికొస్తే, 1997లోనే న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో టొరంటో పరిశోధకుల వ్యాసం వచ్చింది. ఫోన్ మాట్లాడుతున్నప్పుడు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు నాలుగు రెట్లని తేల్చారు, హ్యాండ్స్‌ఫ్రీ వాడినవాళ్లకి దానివల్ల ఒరిగిందేమీ కనిపించలేదు. చేతులు ఖాళీయే, బుర్ర ఖాళీ లేదు. కళ్లు ఎదురుగానే ఉంటాయి గానీ అడ్డొచ్చిన మనిషి లెక్కలోకి రాడు. "మరి పక్కసీట్లో వాళ్లతో మాట్లాడితే?" అంటారు చూడండి, వాళ్లకి రోడ్డు కనిపిస్తుంది, లారీ దగ్గరికొస్తే టక్కున నోరు మూస్తారు. ఫోన్‌లో ఉన్నవాడికి లారీ ఏం తెలుసు, చెప్పుకుంటూ పోతాడు. చాలా దేశాల చట్టాలు చేతిలో ఫోన్‌నే తప్పంటాయి, అందుకని రెండోది సేఫ్ అనే భ్రమ జనాల్లో పాతుకుపోయింది.

రెండుచక్రాలు:
డెలివరీ పని చేస్తాను, నన్నడిగితే నడిపేవాడికొక్కడికే క్లాసు పీకడం సగం పని. నాకు ఫోన్ చేసేవాళ్లలో చాలామంది నేను బండి మీద ఉన్నానని తెలిసే చేస్తారు, ఎత్తకపోతే మళ్లీ చేస్తారు. ఒకసారి హెల్మెట్‌లో దూర్చిన ఫోన్ చెమటకి జారి ట్యాంకు మీద పడింది, పట్టుకోబోయి ముందు చక్రం డివైడర్‌కి రాసేశాను. అటువైపు కస్టమర్ "హలో, హలో" అంటూనే ఉన్నాడు. అప్పట్నుంచి మ్యాప్ బయల్దేరేముందే పెట్టుకుంటాను, డ్రైవింగ్ మోడ్ ఆన్ చేస్తే "బండి మీద ఉన్నాను" అని మెసేజ్ దానంతటదే వెళ్తుంది. మీ పిల్లలకి ఇంకోటి నేర్పండి, ఎవరికి ఫోన్ చేసినా మొదట "బండి మీదున్నావా?" అని అడగాలి, అవునంటే వెంటనే పెట్టేయాలి.

వెనకసీటు:
తమ్ముడూ, నీ మాట నాకే తగిలింది. నిన్న మావాడు ఇంకా ఇంటికి రాలేదని టెన్షన్‌తో వరసగా మూడుసార్లు చేశాను, మూడోసారి ఎత్తి "వస్తున్నా నాన్నా" అన్నాడు, వెనకాల హారన్లు. ఇది పిల్లలకి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా. టేపుకొలత గారూ, మా దగ్గర 30 మీటర్ల టేపే ఉంది, సరిపోతుందా?

టేపుకొలత:
చాలు, రెండుసార్లు వేయండి. గుర్తు పెట్టడానికి సుద్దముక్క మర్చిపోకండి, నేను మర్చిపోయి చెప్పులు పెట్టాల్సొచ్చింది. మూడు ఫోన్ల సంగతి మాత్రం చెప్పండి సార్, మొదట్లోనే.